నిప్పురవ్వకు కట్టిన కోట
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలలో కావ్యమును గూర్చియో, పురాణమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగ విషయము వేరు. నూనె శుద్ధి కేంద్రములలోను, రసాయన కర్మాగారములలోను, మండెడి వాయువుల నడుమ నిలిపియుంచు ఒక విద్యుత్ పెట్టెను గూర్చి ఈ నాలుగు మాటలు. ఆ పెట్టెలోని యంత్రమునకు ఎనలైజరు అని పేరు. గొట్టములలో ప్రవహించు వాయువున ఏ పదార్థము ఎంత పాలు కలదో పరిశోధించి చెప్పుట దాని పని. తెలుగున దానిని శోధక యంత్రమనవచ్చును.

ఈ విషయము పల్లెటూరి సభకేల యని కొందరికి సంశయము కలుగవచ్చును. పూర్వము పల్లెవాని బ్రతుకు నాగలితోను, కాలువ నీటితోను ముడివడియుండెను. నేడు పదియవ తరగతి దాటిన పిల్లవాడు ఐ.టి.ఐ. చదివి విశాఖపట్టణమునకో, అచ్యుతాపురమునకో, కాకినాడకో, పాశమైలారమునకో పోవుచున్నాడు. అచ్చట అతడు తెరచు మూతయు, బిగించు బోల్టును, తుడుచు అద్దమును అల్పముగా కనబడును. కాని వానిలో ప్రతిదానికిని కొన్ని ప్రాణములు కట్టుబడియున్నవి. 1997 సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్టణపు శుద్ధి కేంద్రమున వంటగ్యాసు కారి, మేఘమువలె వ్యాపించి, అంటుకొనుటచే సుమారు 60 మంది మరణించిరి. 2024 ఆగస్టు 21వ తేదీన అచ్యుతాపురమున ఒక మందుల కర్మాగారములో మండు ద్రావకపు ఆవిరి అంటుకొని 17 మంది మరణించిరి. ఇవి దూరదేశపు వార్తలు కావు. ఆ కర్మాగారముల ద్వారములలో ప్రతి ఉదయమును ప్రవేశించువారు ఇట్టి గ్రామముల బిడ్డలే.

మొదట అగ్ని స్వభావమును తెలిసికొనవలెను. మంట పుట్టుటకు మూడు కూడవలెను: మండు పదార్థము, గాలి, రాజవేయు వేడిమి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను మంట లేదు. ఇందులో ఇంకొక సూక్ష్మము కలదు. మండు వాయువు గాలిలో మిక్కిలి తక్కువగా ఉన్నను అంటుకొనదు, మిక్కిలి ఎక్కువగా ఉన్నను అంటుకొనదు. రెండు హద్దుల నడుమ మాత్రమే అంటుకొనును. గోబర్ గ్యాసులోని ముఖ్య పదార్థమగు మీథేను నూటికి 5 పాళ్లనుండి 15 పాళ్ల వరకు గాలిలో కలసినపుడు మండును. హైడ్రోజనునకు ఈ హద్దులు 4 నుండి 75 వరకు విస్తరించియున్నవి. వంటగ్యాసు నూటికి రెండు పాళ్లు కలసిన చాలును. ఇది గాలికంటె బరువైనది కావున పైకి పోక, నేలబారున ప్రాకి, పల్లమున నిలుచును. ఇంటిలో గ్యాసు వాసన వచ్చినపుడు స్విచ్చి వేయరాదు, వేసియున్న స్విచ్చి తీయనురాదు, తలుపులు మాత్రము తెరువవలెనని ఇల్లాండ్రకు చెప్పుట ఇందులకే. స్విచ్చి వేయునపుడును తీయునపుడును దాని లోపల కంటికి కనబడని రవ్వ పుట్టును.

ఆ రవ్వ ఎంతటిది కావలెను? వినువారికి ఆశ్చర్యము కలుగును. మీథేను అంటుకొనుటకు సుమారు 0.28 మిల్లీజౌలు శక్తి చాలును. హైడ్రోజనునకు సుమారు 0.02 మిల్లీజౌలు చాలును. ఒక ఆవగింజను నేలనుండి మొలలోతు ఎత్తునకు లేపుటకు పట్టు శక్తి ఎంతయో, హైడ్రోజను రాజుకొనుటకు పట్టునది సుమారుగా అంత. రవ్వ లేకున్నను, కేవలము వేడియెక్కిన లోహపు తలము చాలును. కార్బన్ డైసల్ఫైడు అను ద్రవముయొక్క ఆవిరి మరుగుచున్న నీటి వేడిమికి సమీపమైన వేడిమివద్దనే తనంత తాను అంటుకొనును. అందుచేత కర్మాగారములో వాడు విద్యుత్ పరికరములకు వేడిమిని బట్టియు తరగతులు ఏర్పరచిరి. టి1 అను తరగతి పరికరపు తలము 450 డిగ్రీల వరకు వేడెక్కవచ్చును. టి4 అనగా 135 డిగ్రీలు. టి6 అనగా 85 డిగ్రీలు మాత్రమే. ఏ వాయువున్న చోట ఏ తరగతి తగునో దానినే వాడవలెను.

శోధక యంత్రమును ఇట్టి చోట నిలుపుట ఏల? ఆదిపర్వమున లక్కయింటి కథ అందరును ఎరిగినదే. వారణావతమున పురోచనుడు నేయి, నూనె, లక్క మొదలగువానితో కట్టించిన ఇంటిలో అడుగిడగానే ధర్మరాజు వాసన చూచి, ఇది నిప్పునకు ఆహుతి కాదగిన ఇల్లని గ్రహించెను. ఆ వాసన పట్టకున్నచో తరువాతి జాగ్రత్తలన్నియు లేవు. రసాయన కర్మాగారము స్వభావముచే లక్కయిల్లు. అందు ద్రోహియెవ్వడును లేకున్నను, దాని గోడలలో ప్రవహించునదంతయు మండునదే. అచ్చట ధర్మరాజు ముక్కు చేయవలసిన పనిని శోధక యంత్రము చేయుచున్నది. గొట్టములోని పాళ్లు తప్పినచో తెలుపును. కొలిమి పొగలో ప్రాణవాయువు తగ్గినచో తెలుపును. కావున అది లక్కయింటి నడుమనే ఉండక తప్పదు. అయితే ఆ ముక్కు విద్యుత్తుతో పనిచేయునట్టిది. దాని లోపల తీగెలు, స్విచ్చులు, వేడి పొయ్యిలు కలవు. కాపరియే నిప్పు పట్టుకొని తిరుగుచున్నట్లయినది. ఈ చిక్కును విప్పుటకే నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు పాటుపడిరి.

లక్కయింటి కథలో పాండవులను రక్షించినవాడు విదురుడు పంపిన ఖనకుడు, అనగా నేల త్రవ్వువాడు. చిత్రమేమనగా, మండు వాయువుల నడుమ బ్రతుకు విద్యను లోకమునకు నేర్పినవారును గనులు త్రవ్వువారే. బొగ్గుగనులలో రాతి పొరలనుండి మీథేను ఊరుచుండును. పూర్వము గనివారు వెలుతురునకై వట్టి దీపములను పట్టుకొని లోనికి పోయెడివారు. 1812లో ఇంగ్లండు దేశమున ఫెల్లింగు గనిలో వాయువు ప్రేలి 92 మంది చనిపోయిరి. అటుపిమ్మట సర్ హంఫ్రీ డేవీ అను పండితుడు 1815లో ఒక దీపమును కల్పించెను. దాని జ్వాల చుట్టును సన్నని తీగెతో అల్లిన వలను చుట్టెను. వాయువు వలలోనుండి లోనికి పోయి మండవచ్చును. కాని ఆ మంట వల రంధ్రములలోనుండి వెలికి రాబోవునపుడు, తీగెలు దాని వేడిమిని పీల్చివేయుటచే చల్లారిపోవును. నిప్పును ఆర్పకయే నిప్పును బంధించు ఉపాయమిది.

దీనితో కథ ముగిసినదా? లేదు. దీపము భద్రమైనదను ధైర్యముతో యజమానులు అంతకుముందు ఎవ్వరును పోజాలని వాయుపూరితములైన పొరలలోనికి పనివారిని పంపిరి. వల ఒకచోట చినిగినను, త్రుప్పు పట్టినను, దీపము వట్టి దీపమే. అందుచే మరణములు తలచినంతగా తగ్గలేదు. రక్షణ సాధనమును నమ్మి హెచ్చు సాహసము చేయుట, సాధనము చెడినదో లేదో చూడకుండుట, ఈ రెండు దోషములును నేటికిని మనుష్యజాతిని విడువలేదు.

పిమ్మట గనులలోనికి విద్యుత్తు వచ్చెను. 1913 అక్టోబరు 14వ తేదీన వేల్సు దేశమున సెంగెన్హెడ్ గనిలో జరిగిన ప్రేలుడులో 439 మంది గనివారును, రక్షింపబోయిన ఒకడును మరణించిరి. కారణము నిస్సందేహముగా తేలలేదు గాని, గంట మ్రోగించు విద్యుత్ తీగెల రవ్వపై అనుమానము కలిగెను. ఆనాడు గనిలో సంకేతపు గంట మ్రోగించుటకు రెండు వట్టి తీగెలను చేతితో తాకించెడివారు. బ్యాటరీతో నడచు చిన్న గంట ఏమి చేయునని అందరును తలచిరి. పరిశోధింపగా, రవ్వయొక్క బలము బ్యాటరీమీదనే గాక, గంటలోని తీగెచుట్టమీదను ఆధారపడియుండునని తేలెను. తీగెచుట్ట తనలో శక్తిని దాచుకొని, తీగెలు విడివడు క్షణమున ఒక్కుమ్మడిగా వెళ్లగ్రక్కును. బ్యాటరీని, చుట్టను, తీగెలను అన్నిటిని లెక్కవేసి అమర్చినచో, తీగెలు తగిలినను తెగినను వాయువు నంటింపజాలని బలహీనమైన రవ్వ మాత్రమే పుట్టునట్లు చేయవచ్చునని కనుగొనిరి.

ఇప్పుడు కర్మాగారమునకు మరలి వత్తము. అచ్చటి నేలనంతటిని ఒకే విధముగా ఎంచరు. చెరువును తలచుకొనుడు. చెరువు గర్భమున ఎల్లప్పుడును నీరుండును. దాని అంచున ముంపు భూమి కలదు, వానకాలమున అది మునుగుట సహజము. ఆవల మెట్ట భూమి కలదు, గండి పడిననే తప్ప అచ్చటికి నీరు రాదు, వచ్చినను శీఘ్రముగా తీసిపోవును. అటులనే మండు వాయువు ఎల్లప్పుడును నిలిచియుండు స్థలమును సున్న మండలమందురు. నూనె తొట్టి లోపలి భాగము అట్టిది. పని సాగుచుండగా అప్పుడప్పుడు వాయువు రాదగు స్థలము ఒకటవ మండలము. ఏదైన చెడిననే తప్ప వాయువు రాని స్థలము రెండవ మండలము. ఈ మండలములను పటములో గుర్తించి, ఏ మండలమున ఏ తరహా పెట్టెను ఉంచవలెనో నిర్ణయింతురు. గ్రామ పటము లేక పొలము కొలుచుట ఎట్టిదో, మండల పటము లేక పెట్టెను అమర్చుట అట్టిది.

పెట్టెను భద్రపరచు మార్గములు పెక్కులు కలవు గాని, వానిలో మూడు ముఖ్యములు.

మొదటిది డేవీ దీపపు సంతానము. దీనిని ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె యందురు. దళసరి లోహముతో పోతపోసిన ఈ పెట్టె లోనికి వాయువు రాకుండ ఆపదు. వాయువు వచ్చుననియే, లోపల ప్రేలుననియే తలచి దీనిని కట్టుదురు. ప్రేలుడు ఒత్తిడికి పెట్టె పగులరాదు. మూతకును పెట్టెకును నడుమ వెడల్పైన, నునుపైన అంచులుండును. వాని నడుమనుండు సన్నని సందులో దూరి వచ్చు మంట, లోహమునకు తన వేడిమిని అర్పించి, బయటికి వచ్చునప్పటికి చల్లారును. 25 మిల్లీమీటర్ల వెడల్పుగల అంచులతో జరిపిన ప్రయోగములలో, సందు 1.14 మిల్లీమీటర్లు మించనంతవరకు మీథేను మంట వెలికి రాలేదు. హైడ్రోజను మంటకు ఈ హద్దు 0.29 మిల్లీమీటరు మాత్రమే. కావున బొగ్గుగనికి తగిన పెట్టె హైడ్రోజను ఉన్నచోట తగదు. ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. ఆ అంచునకు రంగు పూసినను, గీత పడినను, దుమ్ము చేరినను, పది బోల్టులలో ఒక్కటి బిగింపకున్నను సందు మారిపోవును. మంచి ఉద్దేశముతో నడుమ రబ్బరు ముక్క పెట్టినను పెట్టె చెడినట్లే. బయటినుండి చూచువానికి ఇనుప కోటవలె కనబడును, లోపల మాత్రము వల చినిగిన దీపమే.

రెండవది గనిగంట పరిశోధన సంతానము. తీగెలలో ప్రవహించు శక్తినే తగ్గించివేయుట. కొలత పరికరములకు పోవు తీగెలను సురక్షిత స్థలమున ఒక అడ్డుకట్ట గుండ పంపుదురు. సాధారణముగా వాడు అట్టి ఒక అడ్డుకట్ట 28 వోల్టులను, 93 మిల్లీ ఆంపియర్లను మించి పోనీయదు. తీగె తెగినను, రెండు తీగెలు తగిలినను పుట్టు రవ్వకు వాయువును అంటించు బలముండదు. ఇది ఉత్తమ మార్గమే గాని, స్వల్ప శక్తితో నడచు పరికరములకు మాత్రమే చెల్లును. పొయ్యి వేడిచేయవలసిన యంత్రమునకు ఆ శక్తి చాలదు.

మూడవది గాలికోట. పెట్టె లోనికి శుద్ధమైన గాలిని గాని, నైట్రోజనును గాని ఎడతెగక పంపి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడికంటె కొంచెము హెచ్చుగా నిలుపుదురు. లోపలి గాలి సందులలోనుండి బయటికి పోవుచుండును గాని బయటి వాయువు లోనికి రాజాలదు. ఎంత హెచ్చు? ఒకటవ మండలమున 50 పాస్కలులు చాలును. అనగా సుమారు 5 మిల్లీమీటర్ల నీటి ఎత్తు, లోక వాయు ఒత్తిడిలో రెండువేలవ వంతు. ఇంత స్వల్పమైన ఒత్తిడి ఒక కర్మాగారమును కాపాడుచున్నది.

అయినను గాలికోటకు ఒక నియమము కలదు. పని ఆపియుంచినపుడు పెట్టెలోనికి మండు వాయువు చేరియుండవచ్చును. కావున విద్యుత్తు నిచ్చుటకు ముందు లోపలి గాలిని పూర్తిగా కడిగివేయవలెను. పెట్టె లోపలి ఖాళీకి కనీసము 5 రెట్లు గాలిని పంపవలెనని అంతర్జాతీయ ప్రమాణము నిర్ణయించుచున్నది. ఉదాహరణమునకు పెట్టె ఖాళీ 300 లీటర్లు అనుకొనుడు. అయిదు రెట్లు 1500 లీటర్లు. నిమిషమునకు 100 లీటర్ల చొప్పున గాలి పంపినచో 15 నిమిషములు వేచియుండవలెను. ఆ 15 నిమిషములలో యంత్రము నడువదు, ఉత్పత్తి ఆగియుండును, పైయధికారి తొందరపెట్టును. తాళము త్రిప్పి, కడుగుట పూర్తికాకమునుపే విద్యుత్తు నిచ్చువానికి నిమిషములు మిగులును. ఆ మిగులు ఏ లెక్కలోనికి పోవునో చెప్పజాలము. ఒత్తిడి తగ్గినచో విద్యుత్తు తనంత తాను ఆగిపోవు ఏర్పాటు పెట్టెలో ఉండును. మాటిమాటికి ఆగుచున్నదని విసిగి, ఆ ఏర్పాటును తీగె ముక్కతో దాటించుట కంటె ఘోరమైన అపరాధము వేరొకటి లేదు. అది కావలివాడు కేక వేయుచున్నాడని వాని నోటిలో గుడ్డ క్రుక్కుట వంటిది. పెట్టెపై "విద్యుత్తు ఆపిన పిదప ఇన్ని నిమిషముల వరకు తెరవరాదు" అని వ్రాసియుండును. తీగెలలో విద్యుత్తు లేకున్నను, లోపలి పొయ్యి వేడి తగ్గుటకు కాలము పట్టునని దాని భావము.

ఇంతవరకు చెప్పినది ఏ విద్యుత్ పెట్టెకైనను చెల్లును. శోధక యంత్రపు పెట్టెకు మాత్రము వేరొక గండము కలదు. పరీక్షిన్మహారాజు కథ గుర్తునకు వచ్చును. తక్షకుని భయముచే ఆయన ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, చుట్టును కావలి పెట్టించెను. పాము ప్రాకి వచ్చు త్రోవలన్నియు మూయబడెను. తుదకు తక్షకుడు కావలివారు స్వయముగా లోనికి పంపిన పండులో పురుగై వచ్చెను. శోధక యంత్రపు పెట్టెకును ఇట్టి పండు కలదు. బయటి వాయువు రాకుండ గాలికోట కట్టితిమి గదా! కాని పరిశోధింపవలసిన వాయువును సన్నని గొట్టము ద్వారమున పెట్టెలోనికి పంపువారము మనమే. ఆ గొట్టపు అతుకు ఒకటి వదులైనచో, మండు వాయువు కోట నడుమనే వెలువడును. బయటి ఒత్తిడి ఎంత తక్కువయైనను ప్రయోజనము లేదు.

గ్యాస్ క్రొమటోగ్రాఫు అను శోధక యంత్రమున ఈ గండము మిక్కిలి స్పష్టముగా కనబడును. వాయువుల మిశ్రమమును పొడవైన సన్నని గొట్టములోనుండి నడిపి, ఒక్కొక్క పదార్థమును విడదీసి కొలుచుట దాని విధానము. ఆ గొట్టమును వేడి పొయ్యిలో నుంతురు. మిశ్రమమును మోయుటకు పెక్కు తావుల హైడ్రోజనును వాడుదురు. కొలుచుటకు కొన్ని యంత్రములలో చిన్న హైడ్రోజను జ్వాలనే వెలిగింతురు. మండు వాయువు, వేడి పొయ్యి, విద్యుత్తు, వెలుగుచున్న జ్వాల, ఈ నాలుగును ఒకే పెట్టెలో, అదియును మండు వాయువుల మండలమున! విన్నంతనే గుండె ఝల్లుమనును. అయినను లోకమున వేలకొలది యంత్రములు ఇట్లే భద్రముగా నడచుచున్నవి. ఎట్లు?

లోపల కారుట తప్పదని ముందుగానే తలచి, అందులకు తగిన ఏర్పాట్లు చేయుటచేత. ఒకటి: గొట్టము లోపలికి వచ్చు చోటనే సన్నని రంధ్రముగల అడ్డును అమర్చుదురు. లోపల గొట్టము పూర్తిగా తెగినను, ఆ రంధ్రమున పట్టినంత వాయువు మాత్రమే రాగలదు. రెండు: రాదగిన వాయువు ఎంతయో లెక్కవేసి, అది మండు హద్దునకు చాల దిగువన ఉండునట్లు శుద్ధమైన గాలిని ఎడతెగక పంపుదురు. పులుసు గరిటెడు పడినను గుండిగ నీరు పులియనట్లు. మూడు: అతుకులను వీలైనంత తగ్గించి, లోహపు గొట్టములను వెల్డింగు చేయుదురు. నాలుగు: జ్వాల ఉన్నచోట గొట్టములలో మంటను ఆపు వలలను ఉంచుదురు. డేవీ దీపపు వల రెండువందల యేండ్లకును పనికి వచ్చుచునే యున్నది. ఈ నాలుగింటిలో ఏది లోపించినను పండులోని పురుగునకు త్రోవ దొరకును. బయటి వాయువునకై కట్టిన కోటను చూచి తృప్తిపడక, లోనికి మనము పంపునదేమో లెక్కించుట ఈ శాస్త్రమునకు ప్రాణము.

పెద్ద కర్మాగారములలో ఇట్టి యంత్రములను కొన్నింటిని చేర్చి ఒక చిన్న గదిలో నుంతురు. ఆ గదికి గాలి ఎచ్చటనుండి తెచ్చుచున్నారో విచారింపవలెను. గాలిగొట్టపు నోరు వాయువు చేరు పల్లమున ఉన్నచో, రక్షించుటకు పెట్టిన ఫ్యానే శత్రువును లోనికి ఈడ్చును. హైడ్రోజను సిలిండర్లను గది వెలుపలనే నిలుపవలెను. తలుపు బయటికి తెరచుకొనవలెను. ఇంకొక గుప్త శత్రువును గూర్చి చెప్పక తప్పదు. నైట్రోజనుతో నింపిన పెట్టెలనుండి నైట్రోజను గదిలోనికి కారుచుండవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు, మంట లేదు. గాలిలో నూటికి 21 పాళ్లుండవలసిన ప్రాణవాయువును అది త్రోసివేయును. అట్టి గదిలో అడుగిడినవాడు ఊపిరాడుట లేదని తెలియకయే కూలిపోవును. వానిని లేవనెత్తబోయిన రెండవవాడును వానిపైననే కూలును. పూడిక తీయుటకు పాడుబావిలో దిగి, ఒకరి వెనుక ఒకరు ప్రాణములు విడుచుట పల్లెలలో ఎరుగని సంగతి కాదు. కావున ప్రాణవాయువును కొలుచు పరికరము నూటికి 19.5 పాళ్లకంటె తక్కువ చూపినచో ఆ గదిలో కాలు పెట్టరాదు. పడిపోయిన మిత్రుని చూచియు పరుగెత్తరాదు. ముందు సహాయమును పిలువవలెను.

భారతదేశమున ఈ పెట్టెలకు నిబంధనలు కలవు. 60079 అను సంఖ్యగల అంతర్జాతీయ ప్రమాణ శ్రేణిని మన దేశమును స్వీకరించినది. 1956లో ధన్‌బాదున గనుల పరిశోధనకై స్థాపింపబడిన సంస్థ, నేడు వేరొక సంస్థతో కలసి, ఇట్టి పెట్టెలను ప్రేల్చి చూచి పరీక్షించుచున్నది. నాగపూరు ప్రధాన స్థానముగా గల పెట్రోలియం, ప్రేలుడు పదార్థముల భద్రతా సంస్థ వానికి అనుమతి నొసగును. పరీక్షలో నెగ్గిన పెట్టెపై ఎక్స్ అను గుర్తును, తరగతియు, వేడిమి హద్దును చెక్కియుండును. కాని ధన్‌బాదున పరీక్షించినది ఆనాటి పెట్టెను. ఇరువది యేండ్లు ఉప్పుగాలిలో నిలిచి, ముప్పది మారులు తెరచి మూయబడిన నేటి పెట్టెను పరీక్షింపవలసినవాడు అచ్చటి పనివాడే.

అందుచేత పనికి పోవు యువకులు ఈ కొన్ని సంగతులను మనస్సున నాటుకొందురు గాక. మూత తీయుటకు ముందు వ్రాతమూలకమైన అనుమతి పత్రమును చూడవలెను. గాలిలో వాయువు లేదని కొలిచి తెలిసికొనవలెను. తీసిన బోల్టులను లెక్కపెట్టి, అన్నియు మరల బిగింపవలెను. పోయినదాని స్థానమున చేతికి దొరికినది వేయరాదు. అంచులను గీకరాదు, వానికి రంగు పూయరాదు. తీగె దూరు రంధ్రమున తగిన బిగింపు ఉండవలెను, వాడని రంధ్రమును తగిన బిరడాతో మూయవలెను. ప్లాస్టిక్ కిటికీని పొడిగుడ్డతో తుడువరాదు. రాపిడిచే పుట్టు విద్యుత్తు రవ్వ కాగలదు గావున తడిగుడ్డతోనే తుడువవలెను. సెల్‌ఫోనును ద్వారమువద్దనే విడువవలెను. చేసిన పనిని ఆనాడే పుస్తకమున వ్రాయవలెను. వ్రాయని పని జరిగినను జరుగనట్లే. మరునాడు వచ్చువానికి దాని జాడ తెలియదు.

పై యధికారులకును ఒక మాట. మూత తెరువను, గాలి కడుగుట పూర్తి కాలేదు అని చెప్పు పనివానిని మందకొడి యని తిట్టరాదు. వానికి కాలమిచ్చువాడే నిజముగా ఆ యంత్రమును కాపాడువాడు. కూలి లెక్కన వచ్చి, పేరైనను తెలియకుండ పోవు కంట్రాక్టు పనివారికి ఈ పాఠమును వారి భాషలో చెప్పుట యజమానుల విధి. ఆంగ్లములో వ్రాసి తగిలించిన పలక, చదువజాలనివానికి గోడపై బొమ్మయే.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. పురాణములును, ప్రబంధములును ఉన్న బీరువా ప్రక్కనే విద్యుత్తు, వాయువులు, యంత్ర భద్రత మొదలగు విషయములపై సులభమైన తెలుగు పుస్తకములకు ఒక అర కేటాయింపబడును గాక. సెలవునకు ఇంటికి వచ్చిన యువకులు తమ కర్మాగారమున చూచినదానిని, నేర్చినదానిని తరువాతివారికి చెప్పుటకు నెలకొక సాయంకాలము ఇచ్చటనే ఏర్పాటు చేయబడును గాక. ఆనాడు విదురుడు వారణావతమునకు బయలుదేరుచున్న ధర్మరాజును చాటుగా హెచ్చరించెను. నేడు ప్రయాణమగుచున్న బిడ్డలకు చాటున చెప్పవలసిన అగత్యము లేదు. నలుగురిలో, బిగ్గరగా, పుస్తకము తెరచి చెప్పవచ్చును.

అగ్ని లేక వంట లేదు, యజ్ఞము లేదు, కర్మాగారము లేదు. దానిని ఎచ్చట ఉంచవలెనో, ఎచ్చట ఉంచరాదో తెలియుటయే విద్య. ఆవగింజను ఎత్తు శక్తి ఒక ఊరిని కాల్చగలదు. ఒక్క బోల్టును శ్రద్ధతో బిగించు చేయి దానిని ఆపగలదు. ఈ గ్రామమునుండి పనికి పోవు ప్రతి బిడ్డయు పండుగకు క్షేమముగా ఇల్లు చేరును గాక. శుభమస్తు.